కీచురాళ్లకి, డూబియాలకి ఇంట్లోనే మేత: వైజాగ్‌లో గెక్కోలు, డ్రాగన్లు పెంచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో రెండు లెపర్డ్ గెక్కోలు, ఒక బియర్డెడ్ డ్రాగన్ ఉన్నాయి, రెండూ పెంపుడు బల్లి జాతులే. వాటికి తిండిగా బాల్కనీ పక్క గదిలో కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, మీల్‌వార్మ్‌లు (ఒక రకం పెంకుపురుగు లార్వాలు) ఉన్నాయి, అవి ఎన్నో నాకే తెలీదు. కొత్తగా పెంచేవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసేస్తున్నాను. నేను పశువైద్యుణ్ణి కాదు, కొన్నేళ్లుగా పెంచుతూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నవాణ్ణి.

పురుగులకి మళ్లీ వేరే మేత ఎందుకండీ? ఎలాగూ బల్లి తినేసేదేగా?

తినేసేదే కాబట్టే. బల్లి పురుగుతోపాటు ఆ పూట దాని పొట్టలో ఉన్నదంతా తింటుంది. కొరియర్ డబ్బాలో రెండు మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చిన కీచురాయి పొట్ట ఖాళీగా ఉంటుంది, దాన్ని అలాగే వేస్తే బల్లికి అందేది మాంసకృత్తులు, కొవ్వు, పెంకు, అంతే. అందుకని వేసే ముందు ఒకటి రెండు రోజులు పురుగు పొట్ట మంచి మేతతో నింపుతారు, దీన్నే గట్ లోడింగ్ అంటారు.

అసలు గొడవ క్యాల్షియంతో. పురుగులకి మనలా ఎముకలు లేవు కదా, ఒంట్లో క్యాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ (మన సైన్సు పుస్తకాల్లో భాస్వరం) చాలా ఎక్కువ. కీచురాయిలో ఒక వంతు క్యాల్షియం ఉంటే ఏడు వంతుల దాకా ఫాస్ఫరస్ ఉంటుంది, మీల్‌వార్మ్‌లో పదిహేను వంతుల పైమాటే. బల్లికి కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు, ఫాస్ఫరస్ కంటే క్యాల్షియం ఎక్కువ ఉండాలి, రెండుకి ఒకటి ఉంటే బాగు, కనీసం సమానంగానైనా ఉండాలి. తిండిలో ఆ క్యాల్షియం దొరక్కపోతే అది తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి, వేళ్లు వణుకుతాయి. దీన్నే మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. వంకరపోయిన ఎముక మళ్లీ మామూలుగా అవడం కష్టం.

క్యాల్షియం పొడి అద్ది వేస్తున్నాం కదా, అది చాలదా?

అద్దడం మానొద్దు, కానీ దాని మీదే ఆధారపడొద్దు. కీచురాయి మహా శుభ్రమైన ప్రాణి, పొడి అద్ది వదిలారంటే కాళ్లతో మీసాలు తుడుచుకుంటూ కాసేపట్లో సగం దులిపేస్తుంది. మీ గెక్కో అప్పటికి గుహలోంచి బయటికి కూడా వచ్చి ఉండదు. పొట్టలో ఉన్నది అలా రాలిపోదు. పైన పొడి, లోపల మేత, రెండూ ఉండాలి.

ఎన్ని గంటల ముందు పెట్టాలి?

24 నుంచి 48 గంటలు. అంతకంటే తక్కువైతే పొట్ట సరిగ్గా నిండకపోవచ్చు. మేతలోంచి తీశాక మాత్రం త్వరగా వేసేయండి, రోజంతా ఖాళీ డబ్బాలో ఉంచితే తిన్నదంతా పెంట వేసేసి మళ్లీ మొదటికొస్తాయి.

చల్లగా ఉంటే పురుగులు సరిగ్గా తినవు, 26 నుంచి 30 డిగ్రీలు ఉంటే బాగా తింటాయి. ఈ విషయంలో మన వైజాగ్ వాతావరణానికి దండం పెట్టాలి, డిసెంబరు, జనవరి రాత్రులు తప్పిస్తే హీటర్ అవసరమే రాదు. మీల్‌వార్మ్‌లు ఎదిగిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు (అమ్మ చూడకుండా, కూరగాయల అర వెనక). వాటిని రెండు రోజుల ముందే బయటికి తీసి మేతలో వేయాలి, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా బల్లికి వేస్తే ఖాళీ పొట్ట పురుగు వేసినట్టే.

రోజూ పెట్టే మేత, చివరి రెండు రోజుల మేత వేరువేరా?

వేరే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. క్యాల్షియం ఎక్కువున్న మేత చివరి రెండు రోజులకి మాత్రమే. అదే మేత నెలల తరబడి పెడితే పురుగులు సరిగ్గా ఎదగవు, చచ్చిపోతాయి. మొదటి ఏడాది నేను ఉత్సాహం కొద్దీ పెద్ద డబ్బా మొత్తానికి అదే పెట్టాను, పిల్ల కీచురాళ్లు వారం తిరిగేసరికి సగం పోయాయి. రోగం వచ్చిందనుకుని డబ్బా కడిగాను, అట్టలు మార్చాను, చివరికి చూస్తే తప్పు నా చేతిలోదే.

కాబట్టి పెద్ద డబ్బాలో మామూలు మేత, పక్కన చిన్న డబ్బాలో గట్టి మేత, అంటే క్యాల్షియం ఎక్కువున్న ఆ చివరి రెండు రోజుల మేత. రెండు రోజుల్లో వేయాల్సిన పురుగుల్ని మాత్రమే చిన్న డబ్బాలోకి మార్చుకోవాలి.

సరే, గట్టి మేత కొలతలు చెప్పండి.

కిలో మేతకి నేను వాడే లెక్క ఇది: చోడి పిండి 300 గ్రాములు, గోధుమ తవుడు 200, ఓట్స్ 150, పుట్నాల పప్పు 100, నీడలో ఎండబెట్టిన మునగాకు పొడి 50, గుడ్డు పెంకుల పొడి 200. అన్నీ మిక్సీలో మెత్తగా పట్టి కలపడమే.

చోడి పిండే ఎందుకంటే, మన తిండిగింజల్లో ఫాస్ఫరస్ కంటే క్యాల్షియం ఎక్కువున్నది దాదాపు అదొక్కటే, వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంబలి కాచుకోడానికి ఇంట్లో ఎలాగూ ఉంటుంది. (గుంటూరు వైపు వాళ్లకి రాగి పిండి అని చెప్పాలి.) గోధుమ తవుడులో క్యాల్షియం 70 చిల్లర, ఫాస్ఫరస్ వెయ్యి, అంటే ఒంటరిగా అది పనికిరాదు, కానీ పురుగులు ఇష్టంగా తింటాయి, అందుకే 200 గ్రాములతో సరిపెట్టాను. వరి తవుడు వేయొద్దు. దాన్లో నూనె ఎక్కువ, మన ఉక్కకి వారంలోపే ముక్కిన వాసన వచ్చేస్తుంది.

గుడ్డు పెంకు దాదాపు అంతా క్యాల్షియం కార్బొనేటే, పొడిలో సుమారు 38 శాతం క్యాల్షియం. కిలోలో 200 గ్రాములు కలిపితే మొత్తం మేతలో 8 శాతం దగ్గరికి వస్తుంది. పురుగు లోపలి లెక్క తిరగబడాలంటే ఆ మాత్రం ఉండాలి. చెంచాడు వేసి ఊరుకుంటే లాభం లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. నలుసులుగా ఉంటే పురుగు పిండి తినేసి పెంకు నలుసుల్ని వదిలేస్తుంది, మీరేమో క్యాల్షియం పెట్టానని నిశ్చింతగా ఉంటారు. పలచటి గుడ్డలో జల్లించాలి, పాత పంచె ముక్క చాలు.

200 గ్రాముల పెంకులంటే ఎన్ని గుడ్లు? అన్ని ఎక్కణ్ణుంచి తేవాలి?

ఒక గుడ్డు పెంకు ఐదారు గ్రాములు, కాబట్టి 35 నుంచి 40 గుడ్లు. నెల రోజులు ఇంట్లో దాస్తే సరిపోతుంది. ఓపిక లేకపోతే సాయంత్రం ఆమ్లెట్ బండి దగ్గరికి వెళ్లండి. మా వీధి చివర బండి ఆవిడ మొదటిసారి కవర్ పట్టుకెళ్తే నన్ను ఎగాదిగా చూసి "ఏటి బాబూ, గులాబీ మొక్కలకా?" అంది. కీచురాళ్లకి అని చెప్తే కథ పెద్దదవుతుందని అవునన్నాను. ఇప్పుడు నేను వెళ్లేసరికి ట్రే పక్కన కవర్ కట్టి ఉంచుతుంది, మొక్కలు పూస్తున్నాయా అని అడుగుతుంది కూడా.

పెంకుల్ని తెచ్చిన రోజే కడిగి, పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచాలి, పచ్చి సొన అంటుకుని ఉంటే సాల్మొనెల్లా భయం ఉంటుంది. లోపలి పలచటి పొర చేతికి వచ్చినంత తీసేయండి, మొత్తం రాకపోయినా పర్లేదు. డాబా మీద ఎండలో రెండు రోజులు. వర్షాకాలమైతే దళసరి మూకుడులో సన్నటి సెగ మీద గలగలలాడేదాకా వేయించండి. వేళ్ల మధ్య నలిపితే టప్పున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే, మిక్సీలో పొడి కాకుండా అడుగున అంటుకుంటుంది. మిక్సీ జార్ మాత్రం వేరేది పెట్టుకోండి. పెంకులు పట్టాక జార్ లోపలంతా గీతలు పడతాయి, ఆ తర్వాత అందులో కొబ్బరి పచ్చడి చేస్తానంటే ఇంట్లో ఊరుకోరు, మా అమ్మ అయితే జార్‌ని ముట్టుకోనని తేల్చి చెప్పింది.

కిళ్లీ సున్నం వేస్తే సరిపోదా? అదీ క్యాల్షియమే కదా.

వద్దు. తాంబూలంలో వేసుకునే సున్నం క్యాల్షియం హైడ్రాక్సైడ్, నోరు పొక్కుతుందే, అదే. పురుగు నోరూ, బల్లి నోరూ అంతకంటే సున్నితం. పెంకులో ఉన్నది కార్బొనేట్, అది ఘాటు లేనిది. ముగ్గుపిండి కూడా వద్దు, అందులో ఏ రాయి పొడి కలిసిందో అమ్మేవాడికే తెలీదు.

సముద్రపు నురుగు?

బాగా పనికొస్తుంది. చిలకల పంజరంలో వేలాడదీసే తెల్లటి ముక్క అదే, కటిల్ చేప వీపులో ఉండే ఎముకలాంటిది, ఇదీ క్యాల్షియం కార్బొనేటే. పక్షుల మేత అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. అలలు గట్టిగా ఉన్న మర్నాడు పొద్దున్నే బీచ్‌లో నడుస్తుంటే అప్పుడప్పుడు కాళ్లకి తగులుతుంది కూడా, అలా దొరికినదాన్ని రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టాకే వాడాలి. పెంకు కంటే తేలిగ్గా పొడి అవుతుంది, గోటితో గీరినా రాలుతుంది.

కూరగాయలు, ఆకుకూరల్లో ఏవి మంచివి?

రైతు బజార్‌కి వెళ్తే అన్నిటికంటే ముందు మునగాకు చూడండి. క్యాల్షియం దండిగా ఉంటుంది, ఎం.వి.పి. కాలనీలో కొన్నా సీతమ్మధారలో కొన్నా చవకే, వీధిలో చెట్టుంటే డబ్బులు కూడా అక్కర్లేదు. కీచురాళ్లు రెబ్బ మీద ఎక్కి ఈనెలు మిగిల్చి ఆకంతా కొరికేస్తాయి, పొద్దున చూస్తే సన్నటి పుల్లలు మాత్రమే ఉంటాయి. క్యారెట్ తురుము, గుమ్మడికాయ ముక్క, చిలగడదుంప పచ్చివే వేయొచ్చు, బీటా కెరోటిన్‌తోపాటు (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది ఇదే) తడి కూడా అందుతుంది. క్యాబేజీ ఆకులు అప్పుడప్పుడు.

పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర మనకి ఎంత మంచివైనా ఈ పనికి వద్దు. వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి క్యాల్షియాన్ని కట్టి పడేస్తాయి, మీరు కష్టపడి పెంకులు నూరింది వృథా. ఒకరోజు ఇంకేం లేక వేస్తే కొంపలేం మునగవు, రోజూ మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి, మొలకలొచ్చిన బంగాళాదుంప, అవకాడో అసలే వేయొద్దు. కీర దోసకాయ వేస్తే నీళ్లు తాగించినట్టు, పోషకమేం లేదు.

కూరగాయలు కడగాలా? పురుగులకేగా.

పురుగులకి కాబట్టే కడగాలి. కూరగాయల మీద కొట్టేదే పురుగుల మందు.

ఇది నాకు గట్టిగా తగిలింది. ఒక ఆదివారం తొందరలో ఉన్నాను, తెచ్చిన క్యాబేజీ పై ఆకులు రెండు విరిచి, కుళాయి కింద కూడా పెట్టకుండా డబ్బాలో పడేశాను. రాత్రి పది దాటాక గదిలోకి వెళ్తే చప్పుడు లేదు. కీచురాళ్లున్న గదిలో రాత్రిపూట చప్పుడు లేకపోవడమంటే ఏమిటో పెంచినవాళ్లకి తెలుసు. లైటు వేసి చూస్తే సగం వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి, మిగతావి అట్టల అంచుల్లో తూలుతున్నాయి. తెల్లారేసరికి మూడొందలకి ఇరవై మిగిలాయి. అమ్మినవాళ్లని అనడానికేం లేదు, కడగనిది నేను. ఆ ఇరవైనీ కూడా బల్లికి వేయలేదు, వాటి పొట్టలో ఆ మందే ఉంటుంది కదా.

ఇప్పుడు వంటసోడా కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, దుంపలకి చెక్కు తీసి, క్యాబేజీకి పై రెండు పొరలు పారేసి వేస్తున్నాను. అనుమానం ఉన్న ఆకు ముందు ఐదారు పురుగులకే వేసి ఒక రాత్రి చూస్తాను.

దోమల మందు కూడా అంతే. కాయిల్ అయినా, ప్లగ్గులో పెట్టే లిక్విడ్ అయినా పురుగుల గదిలో వద్దు. ఆ గదికి దోమతెర కొట్టించుకోండి. చీమల చాక్‌పీసు గీత కూడా డబ్బా చుట్టుపక్కల ఎక్కడా ఉండకూడదు.

నీళ్లు గిన్నెలో పెట్టొచ్చా?

పెడితే పొద్దున్నకి గిన్నె నిండా శవాలే. కీచురాయికి లోతు తెలీదు. రోజూ క్యారెట్ వేస్తుంటే వేరే నీళ్లు పెద్దగా అక్కర్లేదు. ఎండాకాలంలో చైనా గ్రాస్ జెల్లీ చేసి పెట్టండి: లీటరు నీళ్లలో పది గ్రాముల చైనా గ్రాస్ మరిగించి, చల్లార్చి ముక్కలు కోయడమే. పంచదార వేయొద్దు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే డబ్బా మీద పేరు రాయండి. దూదీ స్పాంజీ కూడా వాడతారు గానీ రెండో రోజుకే కంపు కొడతాయి.

వర్షాకాలంలో మేత బూజు పట్టేస్తోంది. ఏం చేయాలి?

ఇది వైజాగ్ సమస్య. లోపలి ఊళ్లవాళ్లు నెలకోసారి మేత కలిపి డబ్బాలో పోసి మర్చిపోతారు, మనకి అది కుదరదు. జులై నుంచి నవంబరు దాకా గాలిలో ఉన్న తడికి ఉప్పు డబ్బానే చెమ్మగిల్లిపోతుంది, పిండి సంగతి చెప్పేదేముంది.

బూజు పట్టిన మేతని పైన గీరేసి వాడొద్దు, మొత్తం పారేయండి. పెంకు పొడి, మునగాకు పొడి, పిండి మిశ్రమం మూడింటినీ విడివిడిగా గాలి చొరని సీసాల్లో ఉంచి, పది రోజులకి సరిపడా మాత్రమే కలుపుకోండి. పిండిని ముందు మూకుడులో కాస్త వేడిచేసి పూర్తిగా చల్లారాక సీసాలో పోస్తే తడి పోతుంది. సీసాలో ఒక చిన్న గుడ్డ మూటలో గుప్పెడు వేయించిన బియ్యం వేయండి, ఉప్పు డబ్బాలో మన అమ్మమ్మలు చేసిందే. పిండిలో తెల్ల పురుగు పట్టకుండా కొన్న వెంటనే రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే గుడ్లు చచ్చిపోతాయి. తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

డబ్బాలో పొడి మేత ఒక మూల, తడి కూరగాయ ఇంకో మూల. రెండూ కలిశాయా, మర్నాటికి అక్కడ ఆకుపచ్చ బూజు రెడీ. తడి ముక్కలు 24 గంటలకి మించి ఉంచొద్దు, ఉక్క మరీ ఎక్కువైతే సాయంత్రం వేసి పొద్దున తీసేయండి.

అక్టోబరు వస్తే పది రోజుల పొడి మేత అదనంగా ఉంచుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకింకా ఈ పిచ్చి లేదు, కానీ కరెంటు లేకుండా, కూరగాయలు దొరక్కుండా ఊరు రోజుల తరబడి ఎలా గడిపిందో చూశాను.

కుక్క బిస్కెట్లు, పిల్లి మేత వేస్తున్నాం, బానే తింటున్నాయి.

అవి బానే తింటాయి. మాంసకృత్తులు మరీ ఎక్కువైతే బొద్దింక జాతి ఆ మిగులుని యూరిక్ ఆమ్లంగా ఒంట్లో దాచుకుంటుంది, డూబియాల విషయంలో ఇది ముఖ్యం. అలాంటివి రోజూ తిన్న బల్లికి గౌట్ (యూరిక్ ఆమ్లం ఒంట్లో పేరుకుపోయే జబ్బు) వచ్చే ప్రమాదం ఉంది. గుడ్లు పెట్టే ఆడ కీచురాళ్లకి, ఎదిగే పిల్లలకి కొంచెం పొడి చేసి ఇవ్వొచ్చు, చివరి రెండు రోజుల మేతలో మాత్రం వద్దు.

కోళ్ల దాణా?

పెద్ద డబ్బాలో రోజువారీ మేతగా నేను వాడేది అదే, కొంచెం తవుడు, ఓట్స్ కలిపి. కోడిపిల్లల స్టార్టర్ దాణాలో మాంసకృత్తులు 20 శాతం పైనే, కీచురాళ్లు చకచకా ఎదుగుతాయి. గుడ్ల కోళ్ల దాణాలో క్యాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది, కాబట్టి పెంకులు దంచే ఓపిక లేని వారం దాన్నే మెత్తగా పట్టి ఇంకొంచెం పెంకు పొడి కలిపితే గండం గడుస్తుంది. కొనేటప్పుడు బస్తా మీద చదవండి, కొన్ని స్టార్టర్ దాణాల్లో కోళ్ల రోగాలకి మందు కలిపి ఉంటుంది. అది వద్దు.

మిగిలిన అన్నం, ఇడ్లీ పిండి, బెల్లం?

అన్నంలో ఏమీ లేదు, పైగా రెండో పూటకే పాచిపోతుంది. పులిసిన పిండి వద్దు. ఉప్పు, నూనె, పోపు తగిలినదేదీ వద్దు. బాగా ముగ్గిన అరటిపండు ముక్క డూబియాలకి ప్రాణం, వారానికోసారి చాలు. బెల్లం వేయొచ్చా అని అనకాపల్లి నుంచి ఒకరు అడిగారు. అక్కడివాళ్లకి అడిగే హక్కుంది గానీ, వేస్తే పురుగుల కంటే ముందు చీమలొస్తాయి.

రొయ్యపొట్టు చవగ్గా దొరుకుతోంది, వేయొచ్చా?

నేను వేయను. బజార్లో దొరికే ఎండుచేపలో, రొయ్యపొట్టులో ఉప్పు ఉంటుంది, ఇసుక ఉంటుంది. ఉప్పు పట్టించనిది దొరికితే పెద్ద డబ్బాకి చిటికెడు వేయొచ్చు, కానీ తడి తగిలితే వచ్చే వాసనకి మీరే ఇల్లు ఖాళీ చేస్తారు.

విటమిన్ మాత్రలు పొడి చేసి కలపొచ్చా?

మనుషుల మాత్రలు వద్దు. మెడికల్ షాపులో దొరికే క్యాల్షియం మాత్రల్లో చాలావాటికి విటమిన్ డి3 కలిపి ఉంటుంది, అది మేతలో ఎంత పడింది, బల్లికి ఎంత చేరింది లెక్క తెలీదు, ఎక్కువైతే విషమే. చేప కాలేయపు నూనె (కాడ్ లివర్ ఆయిల్) క్యాప్సూల్స్‌లో ఉండే విటమిన్ ఎ కూడా అంతే. సరీసృపాల కోసమే చేసిన మల్టీవిటమిన్ పొడిని పైన అద్దడానికి ఉంచుకోండి. బీటా కెరోటిన్‌ని విటమిన్ ఎ గా మార్చుకోవడం కొన్ని జాతులకి సరిగ్గా చేతకాదు కాబట్టి, క్యారెట్ వేస్తున్నాం కదా అని ఆ పొడి మానేయొద్దు.

అన్ని పురుగులకీ ఇదే మేతా?

దాదాపు. మీల్‌వార్మ్‌ల లెక్క అసలే అన్యాయం, పైగా అవి తవుడులోనే బతుకుతాయి, దాన్నే తింటాయి. వాటిని జల్లెడ పట్టి తవుడు లేకుండా గట్టి మేతలో మాత్రమే రెండు రోజులు వదలాలి. సూపర్‌వార్మ్‌లని (మీల్‌వార్మ్‌లలాంటివే, ఇంకా పెద్దవి) ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చచ్చిపోతాయి, కొవ్వు కూడా ఎక్కువ, పండగ పూట పూర్ణం బూరెలా అప్పుడప్పుడు చాలు. డూబియాలు గుమ్మడి, క్యారెట్ ముందు తిని పొడి మేత తర్వాత చూస్తాయి, కాబట్టి మొదటి రాత్రి పొడి మేతే పెట్టి తడి తక్కువ వేయండి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాల్లో మాత్రం క్యాల్షియం పుట్టుకతోనే బోలెడు, వాటికి ఈ హడావిడి అక్కర్లేదు.

చీమలు వదలట్లేదు.

డబ్బాని నాలుగు గిన్నెల నీళ్లలో నిలబెట్టిన స్టూలు మీద పెట్టండి, పూర్వం పాలగిన్నె కింద నీళ్ల పళ్లెం పెట్టినట్టు. స్టూలు గోడకి తగలకూడదు. నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమల్ని కూడా పెంచినట్టవుతుంది.

బయట పట్టిన మిడతలు, ఇంట్లో బొద్దింకలు వేయొచ్చా?

ఇంట్లో బొద్దింక ఎవరింట్లో ఏ మందు తిని వచ్చిందో తెలీదు. పొలం గట్టు మిడత కూడా అంతే. మిణుగురు పురుగు అసలే వద్దు, కొన్ని జాతుల మిణుగురుల్లో ఉండే విషానికి ఒక్కటి తిన్నా బియర్డెడ్ డ్రాగన్ చనిపోతుంది.

ఇంట్లోవాళ్లకి దగ్గు, తుమ్ములు వస్తున్నాయి. పురుగుల వల్లేనా?

కావచ్చు. పురుగుల పెంట, విడిచిన చర్మం పొడై గాలిలో లేస్తాయి. ముఖ్యంగా రొయ్యలు పడనివాళ్లు జాగ్రత్త, రొయ్యలో పడని మాంసకృత్తే పురుగుల్లోనూ ఉంటుంది. మన ఊళ్లో రొయ్య పడనివాళ్లకి ఇప్పటికే సగం పెళ్లిభోజనాలు లేవు, ఇదీ తోడైతే కష్టమే. డబ్బా శుభ్రం చేసేటప్పుడు మాస్క్ పెట్టుకుని బాల్కనీలో చేయండి, ఆస్తమా ఉన్నవాళ్లతో చేయించకండి. బల్లిని, డబ్బాని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. వంటింటి సింకులో ఈ గిన్నెలు కడగొద్దు.

మేత సరిగ్గా పెడుతున్నాం, ఇక యూవీబీ లైటు అక్కర్లేదా?

యూవీబీ అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు, బియర్డెడ్ డ్రాగన్‌కి కచ్చితంగా కావాలి. తిన్న క్యాల్షియం ఒంటబట్టాలంటే డి3 కావాలి, అది తయారవ్వాలంటే యూవీబీ పడాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు, కాబట్టి తూర్పు కిటికీ దగ్గర టెర్రేరియం (బల్లి ఉండే గాజు పెట్టె) పెట్టి ఎండ తగులుతోంది కదా అనుకుంటే లాభం లేదు, పైగా లోపల ఉడికిపోతుంది. దవడ మెత్తగా అనిపించినా, నడక మారినా, వేళ్లు అదిరినా మేత మార్చి చూద్దాం అని ఆగకండి, సరీసృపాలని చూసే వైద్యుడి దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి.

మా పెరట్లో దొరికిన ఊసరవెల్లికి ఈ మేత పెట్టొచ్చా?

దాన్ని పట్టుకున్న కొమ్మ మీదే వదిలేయండి. ఊసరవెల్లి, ఉడుము, నక్షత్ర తాబేలు, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, ఇంట్లో ఉంచుకోవడం నేరం. విదేశీ జాతులైనా సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవైతే, ఇగ్వానా లాంటివి, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొనేటప్పుడే కాగితాలు అడగండి. "అవేం అక్కర్లేదు సార్" అన్నవాడి దగ్గర కొనకండి.

పురుగులు నిజంగా మేత తిన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

సాయంత్రం క్యారెట్, గట్టి మేత వేసి, అడుగున తెల్ల కాగితం పరవండి. పొద్దున కాగితం మీద పడిన పెంట చూడండి. మామూలుగా నల్లగా ఉండే నలుసులు నారింజ రంగులోకి తిరిగితే క్యారెట్ తిన్నట్టు, మునగాకు తింటే ముదురాకుపచ్చ. పొడి మేత గిన్నెని ముందూ వెనకా తూకం వేయండి, వంటింటి చిన్న కాటా చాలు. ఆడ కీచురాయిని చిన్న పట్టకారుతో నెమ్మదిగా పట్టుకుని లైటుకి ఎదురుగా చూస్తే, బాగా తిన్నదానికి పొట్ట కణుపుల మధ్య చర్మం సాగి లేతగా కనిపిస్తుంది. అలా ఉన్నవాటిని ముందు ఏరి, పొడి అద్ది, గెక్కో గుహ ముందు ఒక్కొక్కటిగా వదలండి.